రెండు గళ్ల తేడా

గుండె కొట్టుకోవడానికి మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. కుడి కర్ణిక పైభాగంలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట ఉన్న సైనో ఏట్రియల్ కణుపు అనే చిన్న కణసముదాయం నిమిషానికి 60 నుంచి 100 సార్లు తనంతట తానే విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. ఆ ప్రేరణ పై గదులైన కర్ణికల మీదుగా పాకి, నడుమ క్షణకాలం నిదానించి, కింది గదులైన జఠరికల గోడల్లోకి వ్యాపించినప్పుడు ఒక స్పందన పూర్తవుతుంది. నిమిషానికి 70 చొప్పున లెక్కవేసినా రోజుకు లక్షకు పైగా స్పందనలు, అదీ ఒక్కదానికీ ఒక్కదానికీ మధ్య వ్యవధి చెడకుండా, మనిషి నిద్రలో ఉన్నా తాండూరు నాపరాయి గనిలో మిట్టమధ్యాహ్నం పలక మోస్తున్నా, సాగిపోతూనే ఉండాలి. ఈ క్రమాన్నే లయ అంటారు. ఈ లయ తప్పడానికి వంశపారంపర్యంగా వచ్చే కారణాలేమిటో, అవి తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లా వంటి ప్రాంతంలో ఏ రూపంలో బయటపడగలవో పరిశీలించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

గుండెలోని విద్యుత్తు రాగి తీగలో పారే విద్యుత్తు వంటిది కాదు. ప్రతి గుండె కణం పొరలోనూ ప్రోటీన్లతో నిర్మితమైన సూక్ష్మద్వారాలు వేల సంఖ్యలో ఉంటాయి, ఒక్కో రకం ద్వారం ఒక్కో ఖనిజ లవణపు అయాన్లకే, అంటే విద్యుదావేశం గల పరమాణువులకే, దారి ఇస్తుంది. సోడియం లోపలికి దూసుకురాగానే కణం ఉత్తేజితమవుతుంది, ఆ వెంటనే కాల్షియం ప్రవేశించడంతో కండరం ముడుచుకుంటుంది, చివరికి పొటాషియం బయటికి పోవడంతో కణం తిరిగి విశ్రాంతి స్థితికి చేరి తర్వాతి స్పందనకు సిద్ధమవుతుంది. ఈ ద్వారాలను శాస్త్రజ్ఞులు అయాన్ చానెళ్లు అంటారు. ఏ ప్రోటీన్‌కైనా ఉన్నట్టే వీటి తయారీకి కూడా జన్యువుల్లో రాత ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు మనిషికి సంక్రమిస్తాయి. సుమారు 300 కోట్ల అక్షరాల మానవ జన్యురాశిలో ఏ ఇద్దరు మనుషులను పోల్చినా దాదాపు వెయ్యి అక్షరాలకు ఒకటి చొప్పున తేడా కనిపిస్తుంది, అందులో అత్యధిక భాగం నిరపాయమైన వైవిధ్యమే. ఆ తేడా అయాన్ చానెల్‌ను రాసే జన్యువులో, అదీ కీలకమైన చోట పడినప్పుడు మాత్రం ద్వారం సరిగా తెరుచుకోకపోవచ్చు, లేదా మూసుకోవలసిన క్షణంలో మూసుకోకపోవచ్చు.

ఈ లోపాన్ని శరీరాన్ని కోయకుండానే చూడగల సాధనం ఈసీజీ. డచ్ శాస్త్రజ్ఞుడు విల్లెం ఐంథోవెన్ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో దీన్ని రూపొందించి 1924లో నోబెల్ బహుమతి అందుకున్నాడు, ఇప్పుడది జిల్లా ఆసుపత్రుల్లో నిత్యం జరిగే అతి చవకైన పరీక్షల్లో ఒకటి. గులాబి రంగు గళ్ల కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో యంత్రంలోంచి బయటికి వస్తుంది, కనుక అడ్డంగా ఒక్కో చిన్న గడి వెడల్పు సెకనులో 25వ వంతుకు, అంటే 40 మిల్లీసెకన్లకు సమానం. ఆ కాగితంపై నిటారుగా లేచే పదునైన మొన జఠరికల ఉత్తేజాన్ని, దాని తర్వాత వచ్చే గుండ్రని గుట్ట వంటి టీ అల జఠరికలు విశ్రాంతికి చేరడాన్ని సూచిస్తాయి. మొనకు ముందుండే చిన్న క్యూ గీత మొదలైన చోటు నుంచి టీ అల నేలకు దిగే చోటు దాకా ఉన్న దూరమే క్యూటీ వ్యవధి. గుండె నిమిషానికి సరిగ్గా 60 సార్లు కొట్టుకుంటున్న మనిషిలో ఆ దూరం 10 చిన్న గళ్లు ఉంటే 400 మిల్లీసెకన్లు, అంటే సాధారణం; 12 గళ్లు ఉంటే 480, అప్పుడు వైద్యుడు కాగితాన్ని పక్కన పెట్టకుండా మరోసారి చూడాలి; 500 దాటితే ప్రమాద సూచన. గుండె వేగాన్ని బట్టి ఈ వ్యవధి మారుతుంది కాబట్టి 1920లో బాజెట్ ఇచ్చిన సూత్రంతో దాన్ని సవరించి చెబుతారు, సవరించిన విలువ పురుషుల్లో 450, స్త్రీలలో 460 దాటితే ఎక్కువ కింద లెక్క. రెండు చిన్న గళ్లంటే కాగితం మీద 2 మిల్లీమీటర్లు, గోధుమ గింజ మందం కూడా ఉండదు, అయినా యంత్రం అచ్చువేసి ఇచ్చే అంకెను మాత్రమే నమ్మకుండా ఆ దూరాన్ని కంటితో కొలిచే అలవాటు వైద్యులందరికీ ఉండి తీరాలి, ఎందుకంటే టీ అల చివర ఎక్కడుందో గుర్తించడంలో యంత్రం పొరబడటం అరుదు కాదు.

క్యూటీ సాగిందంటే పొటాషియం బయటికి పోవలసినంత వేగంగా పోవడం లేదనో, సోడియం ద్వారం పూర్తిగా మూసుకోక లోపలికి కారుతూనే ఉందనో అర్థం. విశ్రాంతి పూర్తికాని ఆ సందులో మరో స్పందన వచ్చి పడితే జఠరికలు గాడి తప్పి నిమిషానికి 200కు పైగా వేగంతో అదరడం మొదలుపెడతాయి. అప్పుడు ఈసీజీ గీత మొనలు ఒక దారం చుట్టూ మెలితిరుగుతున్నట్టు కనిపిస్తాయి కనుక 1966లో ఫ్రెంచి వైద్యుడు డెసెర్టెన్ దానికి తోర్సాద్ ద పోయింట్ అని పేరు పెట్టాడు. మెదడుకు రక్తం అందక మనిషి కూలిపోతాడు, కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. లయ దానంతట అది కుదుటపడితే నిమిషంలో లేచి కూర్చుంటాడు, కుదుటపడకపోతే ప్రాణం పోతుంది. చూసినవారికి అది అచ్చం మూర్ఛలాగే ఉంటుంది కాబట్టి ఫిట్స్ అనుకుని ఏళ్ల తరబడి మూర్ఛ మాత్రలు మింగించిన సందర్భాలు వైద్య గ్రంథాల నిండా ఉన్నాయి, పల్లెల్లోనైతే గాలి సోకిందని తాయెత్తు కట్టించడం దగ్గరే వ్యవహారం ఆగిపోవచ్చు.

పుట్టుకతో వచ్చే ఈ స్థితిని లాంగ్ క్యూటీ సిండ్రోమ్, తెలుగులో చెప్పాలంటే దీర్ఘ క్యూటీ లక్షణ సముదాయం, అంటారు. సుమారు 2,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని ఇటలీలో నవజాత శిశువుల ఈసీజీలు పెద్ద ఎత్తున పరిశీలించినప్పుడు తేలింది. 1990ల మొదట్లో అమెరికాలో మార్క్ కీటింగ్ బృందం దీని మూలం 11వ క్రోమోజోముపై ఉందని గుర్తించి, 1996 నాటికి ముఖ్యమైన మూడు జన్యువులను వెలికి తీసింది: కేసీఎన్‌క్యూ1, కేసీఎన్‌హెచ్2, ఎస్‌సీఎన్5ఏ. మొదటి రెండూ పొటాషియం ద్వారాలవి, మూడోది సోడియం ద్వారానిది. నాలుగింట మూడు వంతుల కేసులకు ఈ మూడే కారణం. ఏ జన్యువు చెడిందన్నదాన్ని బట్టి ప్రమాదం ముంచుకొచ్చే సందర్భం కూడా మారుతుంది. కేసీఎన్‌క్యూ1 ద్వారం అడ్రినలిన్ ఊపులో, అంటే పరుగులో, భయంలో, మరింత తెరుచుకుని గుండెకు త్వరగా విశ్రాంతి ఇవ్వవలసినది. అది చెడినవారు శ్రమలో, ముఖ్యంగా ఈతలో, కూలిపోతారు. కేసీఎన్‌హెచ్2 చెడినవారికి నిద్రలో మోగే అలారం గంట, హఠాత్తుగా వినిపించే పెద్ద చప్పుడు ప్రమాదకరం. ఎస్‌సీఎన్5ఏ లోపం తరచు నిద్రలోనే బయటపడుతుంది.

ఈత సంగతి వికారాబాద్ ప్రాంతానికి దగ్గరి విషయం. వేసవి సెలవుల్లో పిల్లలు వ్యవసాయ బావుల్లో దూకి ఈత నేర్చుకునే చోట, నాపరాయి తవ్వి వదిలేసిన గుంతల్లో వాననీరు నిలిచే చోట, కోట్‌పల్లి ప్రాజెక్టు వంటి జలాశయాలు ఊళ్ల పక్కనే ఉన్న చోట, మునిగి చనిపోయిన పిల్లవాడి గురించి ఊరు చెప్పుకునే కారణం ఈత రాకపోవడమో లోతు తెలియకపోవడమో అవుతుంది, చాలాసార్లు అదే నిజం కూడా. అయితే ఈత బాగా వచ్చిన పిల్లవాడు అకారణంగా మునిగిపోతే, అదే ఇంట్లో మరొకరు ఆటలో పడిపోయి చనిపోయిన చరిత్ర కూడా ఉంటే, మిగిలిన తోబుట్టువులకు ఈసీజీ తీయించడం కుటుంబానికి ఉండవలసిన హక్కు. చనిపోయిన గుండె లయను ఏ శవపరీక్షా చూపలేదు. బతికి ఉన్నవారి గుండెలే దాని సాక్ష్యం.

ఇంతవరకు చెప్పిన రూపంలో ఒక్క ప్రతి చెడితే చాలు, లోపం బయటపడుతుంది. రెండు ప్రతులూ చెడితే వచ్చే రూపం మరొకటి ఉంది, తెలుగు సమాజానికి సంబంధించినంతలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది అదే. 1957లో నార్వే వైద్యులు అంటన్ యెర్వెల్, ఫ్రెడ్ లాంగె-నీల్సన్ ఆరుగురు పిల్లలున్న ఒక కుటుంబాన్ని వర్ణించారు. వారిలో నలుగురు పుట్టుచెవుడు గలవారు, తరచు స్పృహ తప్పేవారు, ఆ నలుగురిలో ముగ్గురు నాలుగు, అయిదు, తొమ్మిదేళ్ల వయసుల్లో హఠాత్తుగా మరణించారు. వారి ఈసీజీల్లో క్యూటీ బాగా సాగి ఉంది. ఇంకా వెనక్కి వెళితే 1856లోనే జర్మనీలోని లైప్‌జిగ్‌లో మైస్నర్ అనే వైద్యుడు, బధిరుల పాఠశాలలో మందలింపుకు నిలబెట్టిన బాలిక అక్కడికక్కడే కూలి చనిపోయిన సంగతి రాశాడు. విషయం చెప్పబోతే, ఆమె తోబుట్టువులు ఇద్దరు అంతకుముందే ఇలాగే పోయారని తల్లిదండ్రులు చెప్పారట. చెవికీ గుండెకూ సంబంధమేమిటన్న ప్రశ్నకు జవాబు పొటాషియంలోనే ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే కేశకణాలు పొటాషియం దండిగా ఉన్న ద్రవంలో తడిసి ఉంటేనే పనిచేస్తాయి, ఆ ద్రవంలోకి పొటాషియాన్ని పంపేది గుండెలో ఉన్న కేసీఎన్‌క్యూ1, దాని తోడు ప్రోటీన్ కేసీఎన్‌ఈ1 కలిసి నిర్మించే ద్వారమే. ఒక ప్రతి బాగుంటే చెవికి సరిపోతుంది. రెండూ చెడితే వినికిడి ఉండదు, గుండె ప్రమాదంలో పడుతుంది. వైద్యం అందని పిల్లల్లో సగానికి పైగా 15 ఏళ్లు నిండకుండానే మరణిస్తారు.

ప్రపంచం మొత్తం మీద ఇది అత్యరుదైన వ్యాధి, పది లక్షల మంది పిల్లల్లో వేళ్ల మీద లెక్కించదగినంత మందికే ఉంటుంది. అయితే అరుదైన లోపపు రెండు ప్రతులు ఒక బిడ్డలో కలవడమనే సంఘటన, పెళ్లిళ్లు ఎవరి మధ్య జరుగుతాయన్న దాన్ని బట్టి ఎన్నో రెట్లు పెరుగుతుంది. మేనమామ అక్క కూతురిని చేసుకోవడం, బావామరదళ్లు పెళ్లాడటం తెలుగునాట తరతరాలుగా ఆదరం పొందిన సంబంధాలు. ఆస్తి చెదరకపోవడం, ఆడపిల్ల తెలిసిన ఇంట్లోనే అడుగుపెట్టడం వంటి కారణాలు వాటి వెనుక ఉన్నాయి, వాటిని ఎద్దేవా చేయడం వల్ల ఏ కుటుంబానికీ మేలు జరగదు. లెక్క మాత్రం తెలిసి ఉండాలి. ఒక తాతకు చెడిన ప్రతి ఒకటి ఉందనుకుందాం. అది ఆయన కొడుకుకు వచ్చే అవకాశం సగం, కూతురికి సగం, ఆ కూతురి ద్వారా మనవరాలికి పావు. ఆ కొడుకు ఆ మనవరాలినే, అంటే తన మేనకోడలినే, పెళ్లాడితే ఇద్దరిలోనూ లోపం ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి, అలా ఉన్న దంపతుల బిడ్డకు రెండు చెడిన ప్రతులూ చేరే అవకాశం నాలుగింట ఒకటి, కనుక మొత్తం మీద 32లో ఒకటి. బావామరదళ్లయితే అదే 64లో ఒకటి అవుతుంది. కొడుకు పరాయి సంబంధం చేసుకుని, ఆ లోపం బయటి జనంలో వెయ్యి మందిలో ఒకరికి ఉందనుకుంటే 8,000లో ఒకటి. మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారన్నది ఎంత నిజమో, 32కూ 8,000కూ మధ్య దూరం కూడా అంతే నిజం.

ఇందులోంచి తేలే ఆచరణ ఎంతో సులభం: పుట్టుచెవుడు ఉన్న ప్రతి బిడ్డకూ ఒకసారి ఈసీజీ తీయాలి, అమ్మానాన్నలది మేనరికమైతే తప్పనిసరిగా తీయాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, పాఠశాలల్లో పిల్లలను పరీక్షించే బృందాల జాబితాలో పుట్టుచెవుడు ఎలాగూ ఉంది. చెవిలోపల కాక్లియర్ పరికరం అమర్చే శస్త్రచికిత్సకు వెళ్లే పిల్లలకు మత్తు ఇచ్చే ముందు ఈసీజీ చూడటం మరీ ముఖ్యం, ఎందుకంటే మత్తు, భయం, హఠాత్తు శబ్దం, ఈ మూడూ సాగిన క్యూటీకి శత్రువులే. వ్యాధి ఉందని తేలితే చికిత్స చేతిలోనే ఉంది. అడ్రినలిన్ ఊపును తగ్గించే బీటా బ్లాకర్ మందులు, వాటిలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న చవకైన ప్రొప్రనోలాల్ కూడా, ప్రమాదాన్ని గణనీయంగా తగ్గిస్తాయి. తీవ్ర రూపాల్లో లయ తప్పిన వెంటనే విద్యుత్ ఘాతంతో సరిదిద్దే ఐసీడీ అనే పరికరాన్ని ఛాతీలో అమరుస్తారు.

ఈసీజీ సాధారణంగా వచ్చినంత మాత్రాన అనుమానం తీరిపోయినట్టు కాదు. 2001లో ఇజ్రాయెల్ ఉత్తర ప్రాంతపు బెడూయిన్ కుటుంబాల్లో, మేనరికాలు ఎక్కువగా ఉన్న చోటనే, సీఏఎస్‌క్యూ2 అనే జన్యువు రెండు ప్రతులూ చెడి పరుగెత్తే పిల్లలు కూలిపోతున్నట్టు బయటపడింది. వారి విశ్రాంతి ఈసీజీలో ఏ లోపమూ కనిపించదు, ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీస్తేనే లయ చెదరడం తెలుస్తుంది. ఆటలో, పరుగులో స్పృహ తప్పిన బిడ్డకు ఆ పరీక్ష కావాలి.

మేనరికం కుటుంబంలో జరిగేది; కులం లోపలే పెళ్లిళ్లు జరగడం ఎన్నో తరాల వ్యవహారం. 2009లో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, అంటే సీసీఎంబీ, శాస్త్రజ్ఞులు కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు కలిసి నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం తెలుగు నేలపై వైశ్యుల జన్యువుల్లో వంద తరాలకు పైబడిన అంతర్వివాహపు ముద్రను చూపింది. మత్తు మందుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు వైశ్యుల్లో కొందరికి ఎందుకు గంటల తరబడి శ్వాసను ఆపేస్తుందో దీనివల్లే అర్థమైంది, ఆ మందును విరిచే ఎంజైము లోపం వారిలో ఇతరుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇదే బృందం 2017లో దక్షిణాసియా సమూహాలు 260కి పైగా పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఇటువంటి ముద్ర ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే బలంగా ఉందని తేల్చింది. ఫిన్లాండ్‌లో ఆ ముద్రను ఆధారం చేసుకుని పదుల కొద్దీ వంశపారంపర్య వ్యాధులను గుర్తించారు. అంత సంపన్నమైన సమాచారం తెలుగు ఊళ్లలో ఇంకా చదవకుండా ఉండిపోయింది.

గుండె విషయంలో హైదరాబాద్ ప్రపంచ దృష్టిని ఆకర్షించింది అదే 2009లో, జనవరి నెలలో. పెరుందురై ధండపాణి, తంగరాజ్ తదితరులు నేచర్ జెనెటిక్స్‌లో ప్రచురించిన పరిశోధన ఎంవైబీపీసీ3 అనే జన్యువు గురించినది. గుండె కండరపు మందపాటి తంతువుకు కుట్టు వేసినట్టు ఉండే ఒక ప్రోటీన్‌ను ఇది రాస్తుంది. ఆ జన్యువు చివర 25 అక్షరాలు ఎగిరిపోయిన రూపం భారత ఉపఖండపు జనాభాలో సుమారు 4 శాతం మందిలో ఉందని, అది ఉన్నవారికి గుండె వైఫల్యపు ముప్పు దాదాపు ఏడు రెట్లని ఆ పత్రం ప్రకటించింది. ఆ మార్పు సుమారు 33 వేల ఏళ్ల నాడు పుట్టి, దాని దుష్ఫలితం సంతానం కలిగే వయసు దాటాక గాని బయటపడదు కనుక ప్రకృతి వరణం దాన్ని ఏరివేయలేకపోయిందని వారి అంచనా. 2011 జనగణన ప్రకారం ఇప్పటి వికారాబాద్ జిల్లా జనాభా 9 లక్షల 27 వేలు. దేశపు సగటునే ఇక్కడికీ అన్వయిస్తే 37 వేల మందిలో ఈ రూపం ఉండాలి. ఇది కాగితం మీది లెక్కే, ఊరూరా తిరిగి చేసిన సర్వే కాదు, అయినా విషయం ఎంత దగ్గరిదో తెలియజేస్తుంది. ఇటువంటి కండర జన్యువుల లోపంతో గుండె గోడలు అసాధారణంగా మందమై, కండర తంతువుల అమరిక చెదిరి, మధ్యమధ్య మచ్చలు ఏర్పడితే విద్యుత్ ప్రేరణ ఆ మచ్చల చుట్టూ గిరికీలు కొడుతుంది, యువకుల ఆకస్మిక మరణాలకు అదొక ప్రధాన కారణం. కండరపు జన్యువు లయకు ముప్పు తెచ్చే దారి అది.

అయితే ఈ కథ అక్కడితో ఆగలేదు, ఆగకపోవడమే విజ్ఞానశాస్త్రం బలం. 2018లో అమెరికాలో శక్తివేల్ సదయప్పన్ బృందం ఆ 25 అక్షరాల లోపం ఉన్నవారిలో కొందరికి అదే జన్యువులో మరో మార్పు కూడా ఉందని, గుండె పనితీరులో తేడా వారిలోనే స్పష్టంగా ఉందని చూపింది. 2020లో బ్రిటన్ కేంద్రంగా జరిగిన మరో పరిశోధన ఇంకాస్త ముందుకు వెళ్లింది: దక్షిణాసియా సంతతి రోగుల్లో గుండె గోడల మందానికి అసలు కారణం, ఆ లోపంతో పాటు ఒకే క్రోమోజోముపై కొందరిలో మాత్రమే ప్రయాణిస్తున్న వేరొక చిన్న మార్పని, దాన్ని పక్కన పెట్టి చూస్తే 25 అక్షరాల లోపానికి ఒంటరిగా ఆ వ్యాధితో చెప్పుకోదగ్గ సంబంధం లేదని తేల్చింది. ఒకే బండిలో ఇద్దరు ప్రయాణిస్తుంటే తప్పు చేసినవాణ్ని వదిలి పక్కవాణ్ని పట్టుకున్నట్టు జరిగిందన్నమాట. వ్యాపార ప్రయోగశాలల నివేదికలో ఈ 25 అక్షరాల లోపం ఉందని చదివి ఏ తాండూరు యువకుడైనా తనకు మరణశాసనం రాసేశారనుకుంటే అది నిరాధార భయం, అందుకు బాధ్యత నివేదికను విడమరిచి చెప్పనివారిదే.

ఇటువంటి పొరపాటు మరో దిశలోనూ జరుగుతుంది. ప్రపంచ జన్యు సమాచారంలో అత్యధిక భాగం ఐరోపా సంతతివారిది. ఒక మార్పు అక్కడ అరుదు కాబట్టి వ్యాధికారకమని ముద్ర వేస్తే, అదే మార్పు మరో జనంలో సాధారణమని తర్వాత తేలవచ్చు. 2016లో అమెరికాలో నల్లజాతివారి గుండె జన్యువుల విషయంలో సరిగ్గా ఇదే జరిగినట్టు వెల్లడైంది. అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్ర విభాగంలో ప్రతిభా నల్లారి బృందం హైదరాబాద్ గుండె లయ వైద్యులతో, సీసీఎంబీతో కలిసి భారతీయ లాంగ్ క్యూటీ రోగుల్లో కేసీఎన్‌క్యూ1, ఎస్‌సీఎన్5ఏ జన్యువులను చదివి 2013, 2015లలో వెలువరించిన పత్రాలకు, 80కి పైగా సమూహాల నుంచి సేకరించిన 10 వేల మంది జన్యురాశులను 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చిన జీనోమ్ ఇండియా పథకానికి ఇంత విలువ. స్థానికుల్లో ఏది మామూలో తెలిస్తేనే ఏది లోపమో తెలుస్తుంది.

జన్యువు చెడినా అందరూ రోగులు కారు. వ్యాధికారక మార్పు ఉన్నట్టు తేలినవారిలోనే సుమారు నాలుగో వంతు మందికి ఈసీజీ సాధారణంగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ఒకే పూర్వీకుడి నుంచి అదే కేసీఎన్‌క్యూ1 లోపం సంక్రమించిన కుటుంబాల్లో కొందరు బాల్యంలో కూలిపోగా కొందరు ముదిమి దాకా నిశ్చింతగా బతికారు, ఎన్ఓఎస్1ఏపీ వంటి ఇతర జన్యువుల్లోని సాధారణ వైవిధ్యం కూడా ఆ తేడాకు కారణమని తేలింది. దానితో పాటు పరిస్థితులూ ఉన్నాయి, తాండూరు వంటి చోట వాటి పాత్ర పెద్దది. ఏప్రిల్, మే నెలల్లో నీడలేని నాపరాయి గనుల్లో పనిచేసేవారికి చెమటతో సోడియంతో పాటు కొంత పొటాషియం పోతుంది, వాంతులు విరేచనాలు తోడైతే మరింత పోతుంది, రక్తంలో పొటాషియం తగ్గితే పొటాషియం ద్వారాలు మరింత మందగించి క్యూటీ సాగుతుంది. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ ఖనిజానికి మంచి వనరు, వంద గ్రాముల పచ్చి పప్పులో సుమారు 1,400 మిల్లీగ్రాములు ఉంటుంది. గనికి సద్దిగట్టుకుని వెళ్లే మనిషి అన్నంలో చిక్కటి పప్పు ఉండటం గుండెకు మేలుచేసే విషయమే. వాంతులు విరేచనాలైన మనిషికి మాత్రం పప్పుతో సరిపెట్టలేం, ఓఆర్‌ఎస్ పొట్లంలో పొటాషియం క్లోరైడ్ ఉండటానికి కారణం అదే.

మందులది ఇంకా పెద్ద ప్రమేయం. కేసీఎన్‌హెచ్2 ద్వారం లోపలి గది ఎంత విశాలమంటే రకరకాల మందుల అణువులు అందులోకి దూరి దాన్ని మూసేయగలవు. కొన్ని ఎలర్జీ మందులు, జీర్ణకోశపు మందు సిసప్రైడ్ 1990ల చివర, 2000 ప్రాంతంలో పాశ్చాత్య దేశాల్లో అమ్మకం నుంచి తొలగిపోవడానికి కారణం ఇదే, ఆ తర్వాత కొత్త మందులను మార్కెట్‌కు తెచ్చే ముందు ఈ ద్వారంపై కూడా పరీక్షించడం పరిపాటి అయింది. వికారాబాద్‌కు ఇక్కడొక ప్రత్యేక సంబంధం ఉంది. మూసీ పుట్టే అనంతగిరి కొండల్లో, చల్లటి గాలి ఊపిరితిత్తులకు మేలని, నిజాం కాలంలో క్షయరోగుల కోసం ఆసుపత్రి కట్టారు. ఆ రోజుల్లో గాలి, విశ్రాంతి, తిండి తప్ప క్షయకు మందు లేదు. ఇప్పుడు మామూలు మందులకు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ 2012 చివర అమెరికాలో అనుమతి పొంది, 2016లో భారత క్షయ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చింది. ఎందరి ప్రాణాలనో నిలబెట్టిన ఆ మందు క్యూటీని సాగదీస్తుంది, దానితో కలిపి ఇచ్చే మాక్సీఫ్లాక్సాసిన్, క్లోఫాజిమిన్ కూడా అదే పని చేస్తాయి. అందుకే చికిత్స మొదలుపెట్టే ముందూ, నడుస్తుండగానూ ఈసీజీ తీసి గళ్లు లెక్కపెడతారు, పొటాషియం చూస్తారు. పుట్టుకతో 11 గళ్ల క్యూటీ ఉన్నా ఏనాడూ ఏ ఇబ్బందీ ఎరగని మనిషి, ఈ మందులు మొదలై, వాంతులతో పొటాషియం పడిపోయిన వారంలో 13 గళ్లకు చేరవచ్చు. అతని జన్యువులోని ఆ అక్షరం బయటపడేది అప్పుడే.

ఇంతవరకు చెప్పినది జఠరికల లయ గురించి; వృద్ధుల్లో ఎక్కువగా కనిపించే లయ లోపం మాత్రం కర్ణికల అదురు. 2007లో ఐస్‌లాండ్ పరిశోధకులు 4వ క్రోమోజోముపై పీఐటీఎక్స్2 జన్యువు సమీపంలో దీనికి ముడిపడిన వైవిధ్యాన్ని కనుగొన్నాక, సుమారు పదకొండేళ్లలో అటువంటి స్థానాలు దాదాపు వందకు చేరాయి. అయినా తెలుగు పల్లెల్లో నలభై ఏళ్ల స్త్రీకి ఈ అదురు కనిపిస్తే వైద్యుడు ముందుగా అనుమానించవలసింది జన్యువును కాదు, బాల్యంలో గొంతు నొప్పితో మొదలై కీళ్లవాతంగా మారి గుండె కవాటాన్ని బిగించిన రుమాటిక్ వ్యాధిని.

జన్యు పరీక్ష అవసరమైన కుటుంబానికి దారి ఉంది. నిమ్స్ ఆసుపత్రి వైద్య జన్యుశాస్త్ర విభాగం, డీఎన్‌ఏ పరీక్షల కేంద్రమైన సీడీఎఫ్‌డీ హైదరాబాద్‌లోనే, వికారాబాద్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 2023 నుంచి వికారాబాద్‌లోనే ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. పరీక్ష ముందు ఈసీజీలో లోపం బయటపడిన వ్యక్తికే చేయాలి, కారణమైన మార్పు దొరికాక ఆ ఒక్క మార్పు కోసం మాత్రమే మిగిలిన బంధువులను పరీక్షించాలి. అర్థం తేలని మార్పు అని నివేదిక వస్తే దాన్ని ఆధారం చేసుకుని ఎవరి ఛాతీలోనూ పరికరం పెట్టకూడదు, ఎవరి పెళ్లి సంబంధమూ చెడగొట్టకూడదు.

జన్యు సలహాదారు మొదట తీసుకునేది రక్తం కాదు, తెల్ల కాగితం. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, చనిపోయినవారి మీద ఏటవాలు గీత, దంపతుల మధ్య అడ్డగీత గీస్తూ మూడు తరాల వంశవృక్షం రాస్తారు. దంపతులు రక్త సంబంధీకులైతే ఆ అడ్డగీత ఒకటికి బదులు రెండు గీస్తారు. చెవుడు ఎవరికి, ఫిట్స్ ఎవరికి, నీళ్లలో పోయింది ఎవరు, నిద్రలో పోయింది ఎవరు అని అడుగుతారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే జవాబు చెప్పగల ప్రశ్నలవి. పుట్టి నామకరణం కూడా కాకుండా పోయిన బిడ్డల సంగతి, చిన్నప్పుడే పోయిన ఆడపిల్లల సంగతి నాయనమ్మకో అమ్మమ్మకో తప్ప గుర్తుండదు, అందుకని వాళ్లను ఇంటి దగ్గర వదిలి రాకుండా వెంట తీసుకురమ్మని ముందుగానే చెబుతారు.